వార్తల్లో పదం: కార్డియాక్ బ్లూస్

బైపాస్ సజావుగా జరిగింది, కుట్లు మానాయి. అయినా మనిషి ముభావంగా ఉంటాడు, అన్నం సయించదు, నిద్ర పట్టదు, ఊరికే కన్నీళ్లొస్తాయి. గుండె ఆపరేషన్ల తర్వాత కమ్మే ఈ దిగులే కార్డియాక్ బ్లూస్. ఛాతీలో ఇతర ఆపరేషన్లయినవారిలోనూ ఇలాంటి దిగులు కనిపిస్తుంది. చాలామందిలో కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. రెండు వారాలకు మించి రోజూ వెంటాడితే మాత్రం డిప్రెషన్‌గా అనుమానించాలి. బైపాస్ రోగుల్లో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఇది ఉంటుందని అంచనా. వీళ్లు నడక మానేస్తారు, మాత్రలు మరుస్తారు. ముప్పు మళ్లీ గుండెకే.

గుర్తించడానికి పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం ఉంది. 27కి 10 లేదా అంతకు మించి వస్తే డాక్టరు తరచి చూడాలి. డిశ్చార్జి కాగితంలో ఉప్పు, నూనెలతో పాటు మనసుకూ ఒక గీత కేటాయిస్తే పోయేదేముంది?

బైపాస్ రోగులకు నర్సులు ఎనిమిది నెలలపాటు ఫోన్‌లో తోడుగా నిలిస్తే దిగులు తగ్గిందని 2009లో ఒక అమెరికా అధ్యయనం తేల్చింది. విజయవాడలో ఆపరేషన్ చేయించుకుని అవనిగడ్డకో కైకలూరుకో వెళ్లిపోయినవారికి ఫోనే దగ్గరి దారి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.