రెక్క చూచి వదలిపెట్టే వేట

సువార్తలలో చేపల ప్రస్తావన వచ్చినప్పుడెల్లా మనకు వలే గుర్తుకు వస్తుంది. పేతురు, అంద్రెయ, జెబెదయి కుమారులు అందరూ వలలవారే. అయితే మత్తయి సువార్త 17వ అధ్యాయము చివర గాలము కనిపిస్తుంది. మందిరపు పన్ను చెల్లించవలసి వచ్చినప్పుడు ప్రభువు పేతురును వలతో కాక గాలముతో సముద్రమునకు పంపించారు. ఒకే చేప, దాని నోట ఒకే నాణెము, ఇద్దరి పన్ను. నాలుగు సువార్తలలో గాలపు వేట ఇది ఒక్కటే. వల వేసినవానికి ఏమి పడిందో లాగిన తరువాత గాని తెలియదు. గాలము వేసినవాడు ఒక్కొక్క చేపను విడివిడిగా ఎదుర్కొంటాడు. ఉంచుకోవాలా, వదలాలా అని ప్రతి చేపకూ వేరుగా తీర్మానించుకోవాలి. ప్రియ చదువరులారా, ఈ మాసము మేము వ్రాస్తున్నది అటువంటి ఒక వేటను గూర్చి.

అమెరికా దేశపు వాయవ్య మూలన వాషింగ్టన్ రాష్ట్రమున్నది. (రాజధాని వాషింగ్టన్ వేరు, అది ఆ దేశానికి ఆ చివర.) అక్కడ పసిఫిక్ మహాసముద్రము హువాన్ డి ఫ్యూకా అనే జలసంధి గుండా లోపలికి వచ్చి, ప్యూజెట్ సౌండ్ అనే పాయలుగా భూమిలోకి చొచ్చుకొని పోతుంది. వేసవిలో ఆ నీళ్ళమీద 16 నుండి 20 అడుగుల చిన్న పడవలు ఎన్నో కనిపిస్తాయి. అందులో కూర్చున్నవారు మన బెస్త సహోదరులవంటి వారు కారు. వారమంతా ఉద్యోగాలు చేసుకొని, పడవను కారు వెనుక ట్రెయిలరు మీద కట్టుకొని వచ్చి, సరదాకు సాల్మన్ చేపను పట్టేవారు. పట్టినది ఇంట్లో వండుకోవచ్చు, స్నేహితులకు పంచవచ్చు, అమ్మితే మాత్రము నేరము.

సాల్మన్ అంటే ఏమిటో ముందు చెప్పాలి. మన తీరములో ఇండియన్ సాల్మన్ అని అమ్మే చేపకు దీనితో దగ్గరి బంధుత్వము లేదు. నిజానికి దీని నడక మన గోదావరి పులసకే దగ్గర. చల్లని నదిలో గులకరాళ్ళ మధ్య గుడ్డు పగిలి పుడుతుంది, పిల్లగా ఉన్నప్పుడే సముద్రానికి దిగిపోతుంది, అక్కడ కొన్నేళ్ళు పెరిగి, తాను పుట్టిన నదినే వాసన పట్టి వెదుక్కుంటూ తిరిగి వస్తుంది. నది ఎక్కి గుడ్లు పెట్టి అక్కడే చచ్చిపోతుంది. పసిఫిక్ సాల్మన్‌లకు అది ఒక్కసారి జరిగే ప్రయాణమే. ఆ తీరములో దొరికేవి ఐదు రకాలు. వాటిలో పెద్దది చినూక్. పింక్ అనే చిన్న రకము ప్యూజెట్ సౌండ్ నదులకు బేసి సంవత్సరాలలోనే గుంపులుగా వస్తుంది. చినూక్‌కూ కోహో అనే మరో రకానికీ తేడా తెలియాలంటే నోరు తెరచి చూడాలి. దంతాల మొదట్లో చిగురు నల్లగా ఉంటే చినూక్, తెల్లగా ఉంటే కోహో.

ఇక వేట సంగతి. చినూక్ లోతులో తిరుగుతుంది. అందుచేత పడవ ప్రక్కన డౌన్‌రిగ్గర్ అనే చిన్న గిలక బిగిస్తారు. సన్నని తీగకు పది పన్నెండు పౌన్ల సీసపు గుండు కట్టి వంద అడుగుల లోతుకు దింపుతారు. గాలపు దారమును ఆ తీగకు ఒక క్లిప్పుతో తగిలిస్తారు. గాలానికి ముందు తళుక్కుమని తిరిగే రేకు, దాని వెనుక హెర్రింగ్ అనే చిన్న చేపగాని ప్లాస్టిక్కు ఎరగాని ఉంటుంది. ఇంజను మీద మనిషి నడక వేగముతో పడవ పోతూ ఉంటుంది. చేప ఎర పట్టగానే దారము క్లిప్పు నుండి ఊడిపోయి, వంగి ఉన్న కర్ర ఒక్కసారి నిటారుగా లేచి మళ్ళీ వంగుతుంది. అక్కడనుండి పోరాటము చేతికీ చేపకూ మధ్యనే. గాలానికి ముల్లు ఉండకూడదు. వెనక్కు రాకుండా పట్టుకునే ఆ చిన్న కొక్కెమును ముందే నొక్కివేయాలి. దారము కొంచెము వదులైతే చేప జారిపోతుంది. వదలవలసి వస్తే దానికి గాయము తక్కువ కావాలని ఈ నియమము.

వదలవలసి రావడము ఎందుకు? అడవి నదులలో దానంతట అది పుట్టిన చేపలు ఆ ప్రాంతములో బాగా తగ్గిపోయినవి. ప్యూజెట్ సౌండ్ చినూక్‌ను 1999లో అమెరికా ప్రభుత్వము ప్రమాదములో ఉన్న జీవుల జాబితాలో చేర్చింది. ఈ లోగా పెంపక కేంద్రాలలో గుడ్లు పొదిగించి పిల్లలను నదులలో వదలుతున్నారు. వదిలే ముందు చాలా పిల్లలకు వీపు రెక్కకూ తోకకూ మధ్య ఉండే వ్రేలికొనంత కొవ్వు రెక్కను కత్తిరిస్తారు. అది మళ్ళీ మొలవదు. కాబట్టి చాలా చోట్ల, చాలా నెలలలో, నియమము ఇదీ: ఆ చిన్న రెక్క లేకపోతే పెంపకపు చేప, పొడవు సరిపోతే ఉంచుకోవచ్చు. రెక్క ఉంటే అడవి చేప, వదలిపెట్టాలి. దానిని పడవలోకి ఎత్తడము కూడా చట్టవిరుద్ధమే. నీళ్ళలోనే గాలము తీసి పంపివేయాలి. లేవీయకాండము 11వ అధ్యాయములో ఇశ్రాయేలీయులు తినదగిన చేపకు రెక్కలు, పొలుసులు గుర్తు. ఇక్కడ ఒక రెక్క లేకపోవడమే గుర్తు.

2023 జూలైలో మేము ఆ రాష్ట్రములో ఒక తెలుగు విశ్వాసి కుటుంబముతో రెండు వారాలు గడిపాము. వారు మమ్మును పోర్ట్ ఏంజెలెస్ అనే ఊరికి తీసుకొనిపోయారు. దక్షిణాన మంచు తలల ఒలింపిక్ కొండలు, ఉత్తరాన నీటికి ఆవల కెనడా. తెల్లవారుజామున పడవ దిగినప్పుడు మాత్రము ఏదీ కనిపించలేదు, అంతా పొగమంచు. పడవలో నలుగురము: ఆ సహోదరుడు, పదకొండేండ్ల కుమారుడు, మేమిద్దరము. మాకు లైసెన్సు లేదు కనుక కర్ర ముట్టలేదు. పిల్లవానికి లైసెన్సు అక్కరలేదు గాని, పట్టిన చేపను వ్రాసుకునే కార్డు వానికీ ఉండాలి.

గంటన్నరకు వాని కర్ర లేచింది. పావుగంట లాగాడు. చేతులు వణుకుతున్నా కర్ర తండ్రికి ఇవ్వలేదు. చేప పడవ ప్రక్కకు వచ్చేసరికి మా అందరికీ ఊపిరి ఆగినట్లయింది. మా మోచేతి నుండి వ్రేళ్ళ చివరి దాకా కొలిచినా ఇంకా మిగిలేంత పొడవు, వెండి వీపు. తండ్రి అంచుమీద వంగి చూచాడు. తోకకు ముందు ఆ చిన్న రెక్క నిలువుగా ఉంది.

"వైల్డ్ ఫిష్ రా నాన్నా. వదిలేద్దాం."

"డాడీ, ఈ ఫాగ్‌లో మనల్ని ఎవరు చూస్తారు?" అన్నాడు పిల్లవాడు. చుట్టుప్రక్కల నిజముగానే మరొక పడవ కనబడలేదు.

"మనం చూశాం కదా" అని తండ్రి కొక్కెపు కర్రతో గాలము తప్పించాడు. చేప ఒక క్షణము అలాగే నిలిచి, తోక ఒక్కటి కొట్టి, క్రిందికి పోయింది. పిల్లవాడు చాలాసేపు మాట్లాడలేదు. మేమూ ఓదార్చలేదు, ఆ సమయములో మాటలు చెప్పడము సులభమే గాని వినడము కష్టము. మధ్యాహ్నానికి తండ్రి గాలానికి ఇరవై నాలుగు అంగుళాల పెంపకపు చేప పడింది. దానిని చంపిన వెంటనే, చేయి కడుక్కోకముందే, పెన్నుతో కార్డులో వ్రాశారు. అది కూడా నియమమే. ఒడ్డున ప్రభుత్వపు మనిషి వచ్చి చేప కొలిచి, తలదగ్గర ఒక పరికరము ఆడించి, లోపల గుర్తు తీగ ఉన్నదేమో చూచి, వదిలినవి ఎన్ని అని అడిగింది. పిల్లవాడే ముందుకు వచ్చి "ఒకటి, పెద్దది" అన్నాడు. ఆ రాత్రి ఆ తల్లి చింతపండు పులుసు పెట్టింది. సాల్మన్‌లో కొవ్వు ఎక్కువ, పులుసు మీద నూనె తేలింది. మాకైతే బాగుంది. వారింట అది వేపుడుకే మంచిదని వాదన.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో పక్షిగూటిని గూర్చిన చిన్న ఆజ్ఞ ఉన్నది. దారిలో గూడు కనబడితే పిల్లలను తీసుకోవచ్చును గాని తల్లిని పోనివ్వాలి. ఆ గూటి దగ్గర కావలివాడు ఎవడూ లేడు. మేము ఆ వాక్యము మీద ఎన్నోసార్లు చెప్పాము గాని, అది నీళ్ళమీద జరగడము చూచింది ఆ రోజే.

రెండు సంగతులు మధ్యలో చెప్పి ముందుకు పోతాము. ఆ నీరు వేసవిలోనూ ఒళ్ళు కొయ్యబారేంత చల్లన. పడినవాడు ఈతగాడైనా మొదటి నిమిషములోనే ఊపిరి అందక మునిగిపోవచ్చు. అందుకే పడవ ఎక్కిన క్షణము నుండి దిగేదాకా లైఫ్ జాకెట్ ఒంటిమీదనే ఉంటుంది. 19 అడుగులకు తక్కువ పడవలో పన్నెండేండ్లు, అంతకు తక్కువ వయసు పిల్లలకు అది చట్టము. మన తీరములో ఆ జాకెట్లు పడవలో తలగడలవడము మేము చూచాము. సహోదరులారా, దయచేసి వాటిని వేసుకోండి. రెండవది, ఆ నీళ్ళలో చినూక్ మీదనే ముఖ్యముగా బ్రతికే ఓర్కా తిమింగలములున్నవి. 2005లో వాటిని అంతరించే జాబితాలో చేర్చారు, ఎనభై కూడా మిగలలేదు. 2025 నుండి ఏ పడవైనా వాటికి వెయ్యి గజాల దూరములో ఉండాలి.

అయితే చేపలు తగ్గింది గాలాలవల్లనే అనుకుంటే అన్యాయము. అడవులు నరికారు, నదులకు అడ్డుకట్టలు కట్టారు, డబ్బాల ఫ్యాక్టరీలకు టన్నులకొద్దీ పట్టారు. అందరికంటే ముందు నష్టపోయినది అక్కడి ఆదివాసులు. 1854, 1855 ఒప్పందాలలో వారు భూమి వదులుకున్నారు గాని, తమ అలవాటు స్థలాలలో చేప పట్టే హక్కును ఉంచుకున్నారు. తరువాత ఆ హక్కును వాడుకున్నందుకే వారిని అరెస్టు చేశారు. నిస్క్వాలీ జాతికి చెందిన బిల్లీ ఫ్రాంక్ జూనియర్‌ను మొదటిసారి 1945లో పద్నాలుగేండ్ల వయసులో పట్టుకున్నారు. ఆ తరువాత యాభైసార్లకు పైగా అరెస్టు అయ్యాడు. 1974 ఫిబ్రవరి 12న న్యాయాధిపతి జార్జ్ బోల్ట్, పట్టదగిన చేపలో సగము వరకు ఆ జాతులదని తీర్పు చెప్పాడు. 1979లో సుప్రీంకోర్టు సమర్థించింది. నాబోతు ద్రాక్షతోట కథకు ఇటువంటి ముగింపు దొరకడము అరుదు. ఇప్పుడు రాష్ట్రమూ ఆ జాతులూ ఏటేటా కూర్చొని ఎక్కడ, ఎప్పుడు, ఎన్ని చేపలో తేల్చుకుంటున్నారు. మన పిల్లవాని చేపమీద ఉన్న నియమమూ ఆ బల్ల దగ్గరనుండి వచ్చినదే.

పోర్ట్ ఏంజెలెస్‌కు పడమట ఎల్వా నది ఉన్నది. 1913లో ఒకటి, 1927లో ఒకటి, చేప ఎక్కే దారి లేని రెండు ఆనకట్టలు దానిమీద కట్టారు. వందేళ్ళు సాల్మన్‌కు క్రింది ఎనిమిది కిలోమీటర్లే మిగిలాయి. లోయర్ ఎల్వా క్లాల్లమ్ జాతివారు ఏళ్ళ తరబడి పోరాడగా, 2011లో మొదలుపెట్టి 2014 నాటికి రెండింటినీ తీసివేశారు. చేప మళ్ళీ పైకి ఎక్కుతున్నది.

ఇది చెప్పగానే గోదావరి వారికి ధవళేశ్వరము గుర్తుకు వస్తుంది. 1852లో కాటన్ దొరగారు ముగించిన ఆనకట్ట పులస దారికి అడ్డమైన మాట నిజమే. కాని ఆ నీటితోనే డెల్టా అన్నము తింటున్నది. ఎల్వాకు సరిపడిన దారి గోదావరికి సరిపడదు, ఆ పోలిక చేసేవారితో మేము ఏకీభవించము. మన చేతిలో ఉన్నది వేరొకటి. వరదనీటిలో జన నిండిన పులసకే గిరాకీ, వేలల్లో ధర. పుస్తెలమ్మి తినాలనే సామెతను మన ఇళ్ళలోనూ నవ్వుతూ అంటాము.

తిరిగివచ్చాక ఈ సంగతులు మా సంఘములో వేటకు పోయే పెద్దలతో చెప్పాము. అందరూ శ్రద్ధగా విన్నారు. ఒక పెద్దాయన మాత్రము, "వదిలినోడికి ఆ రాత్రి ఇంట్లో కూడుంది గదా అయ్యగారూ" అన్నాడు.

ఆ మాటకు మేము ఎదురు చెప్పలేదు. సరదాకు పట్టేవాని నియమమును పొట్టకు పట్టేవాని మీద పెట్టి తీర్పు తీర్చడము న్యాయము కాదు. అయినా వీరూ వదులుతూనే ఉన్నారు. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు, చేప గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వము వేట ఆపినప్పుడు, ఇంజను పడవలన్నీ ఒడ్డున ఉంటాయి. ఆ రోజులలో అప్పు పుట్టని ఇంటిలో పొయ్యి ఎలా వెలుగుతుందో ఆ పెద్దాయన భార్య మా ఇంట్లో చెప్పుకొచ్చింది.

మరుసటి ఏడు స్త్రీల సమాజము వారు తీర్మానము చేసుకున్నారు. వంట చేసే ముందు ప్రతి ఇల్లాలూ తీసే పిడికెడు బియ్యము, ఏప్రిల్ మధ్యనుండి జూన్ మధ్యవరకు, పడవల కుటుంబాలకే. మొదటి ఏడు నాలుగు బస్తాలు వచ్చినవి. పంచే బాధ్యత ఆ పెద్దాయన భార్యకే అప్పగించారు. ఏ ఇంట ఎంతమంది ఉన్నదీ ఆమెకు తెలిసినట్లు మాకెవరికీ తెలియదు.