ఇన్‌వాయిస్ మీద పేరు మనదే, పంపింది ఎవరు?

ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు గుంటల్లో పట్టిన వనామీ రొయ్య కంటైనర్ ఎక్కేలోగా కౌంటు, రేటు, ఇన్‌వాయిస్, డబ్బు వేయాల్సిన ఖాతా నంబరు ఈమెయిల్లోనే అమెరికా చేరిపోతాయి. ఈలోగా ‘మా ఖాతా మారింది’ అంటూ ఎగుమతిదారు పేరుతో ఎవడో మెయిల్ కొడితే? సరుకు ఓడలో, సొమ్ము దొంగ ఖాతాలో! 2023లో ఎఫ్‌బీఐకి అందిన ఇలాంటి ఫిర్యాదుల్లో నష్టం 290 కోట్ల డాలర్లు దాటింది.

1982లో ఈమెయిల్ నియమాలు రాసినవాళ్లు పంపేవాడి మాటను నమ్మారు. కవరు వెనక ఎవరి చిరునామా అయినా రాయొచ్చు. మెయిల్ కూడా అంతే.

ఆ లోటు పూడ్చడానికి వచ్చినవే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్. రైతు సీడు కొనేముందు ఆ హేచరీ కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ జాబితాలో ఉందేమో చూస్తాడు. ఎస్‌పీఎఫ్ అలాంటి జాబితానే: ‘మా మెయిళ్లు ఈ సర్వర్ల నుంచే వస్తాయి’ అని మన డొమైన్ రికార్డుల్లో ప్రకటించడం. డీకిమ్ రహస్య కీతో వేసే సంతకం. దారిలో ఖాతా నంబరులో ఒక్క అంకె మార్చినా అది చెల్లదు.

చాలామంది ఈ రెండింటితో ఆగిపోతారు. అక్కడే ప్రమాదం. దొంగ తన సొంత డొమైన్‌తో ఈ రెండు పరీక్షలూ నెగ్గి, పైకి కనిపించే ‘ఫ్రమ్’లో మన పేరు పెట్టగలడు. కనిపించే పేరూ, పరీక్ష నెగ్గిన పేరూ ఒకటేనా అని అడిగేది డీమార్క్. కాకపోతే స్పామ్‌లో వేయాలో, తిప్పికొట్టాలో కూడా మనమే చెప్పొచ్చు.

నిజమైన మెయిళ్లకూ ఇవి అవసరమే. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ మెయిల్ పంపే ప్రతి ఒక్కరికీ ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్ తప్పనిసరి చేశాయి. జీమెయిల్‌కు రోజుకు 5,000 పైన పంపేవారికి మూడూ ఉండాలి. లేకుంటే మనం పంపిన కొటేషన్ స్పామ్‌లో పడి ఉంటుంది, ఆర్డరు ఇంకొకరికి పోతుంది.

పేరులో ఒక్క అక్షరం మార్చిన నకిలీ డొమైన్‌ను గానీ, పాస్‌వర్డు పోయిన మెయిల్‌బాక్సును గానీ ఇవేవీ ఆపలేవు. అందుకే ఖాతా మార్పు మాట వస్తే పాత నంబరుకు ఫోన్ చేసి అడగమని కొనుగోలుదారుకు ముందే చెప్పి ఉంచాలి.

డీమార్క్‌ను మొదట గమనించే స్థితిలోనే పెట్టి, కొన్ని వారాలు దాని కింద వచ్చే నివేదికలు చదవండి. మన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కనిపిస్తుంది, మనం మరిచిపోయిన పాత సర్వర్ కనిపిస్తుంది. మన పేరుతో మెయిళ్లు పంపుతున్న, మనమెన్నడూ వినని సర్వర్లుంటే అవీ బయటపడతాయి.