జాజ్ వాద్యకారుడికి తర్వాతి స్వరం ఎలా తడుతుంది?

హార్మోనియం దొరికితే దగ్గర పెట్టుకొని ఇది చదవండి. రెండు నల్లమెట్ల జంటకు ఎడమ పక్కనున్న తెల్లమెట్టును షడ్జమం అనుకోండి. అక్కడినుంచి తెల్లమెట్లు వరుసగా నొక్కితే శంకరాభరణం స్వరాలు వస్తాయి.

మన గాయకులు మనోధర్మంతో పాడేటప్పుడు షడ్జమం కదలదు. జాజ్‌లో అలా కాదు. వెనుక పియానో నాలుగేసి స్వరాలను ఒకేసారి పలికిస్తూ ఉంటుంది. ఈ గుంపును 'కార్డ్' అంటారు. కార్డులు మారుతూ పోతుంటే, సాక్సోఫోన్ వాద్యకారుడు అప్పటికప్పుడు అల్లే వరుస వాటితో పొసగాలి.

జాజ్‌లో పదేపదే వచ్చే మూడు కార్డులను చూద్దాం: రి-మ-ద-స, ప-ని-రి-మ, స-గ-ప-ని. ప్రతి కార్డు స్వభావాన్నీ ముఖ్యంగా పట్టిచ్చేవి అందులోని రెండో, నాలుగో స్వరాలు. వాటినే గమనించండి. మొదటి మార్పులో 'మ' నిలిచి ఉంటుంది, 'స' దిగి 'ని' అవుతుంది. రెండో మార్పులో 'ని' నిలుస్తుంది, 'మ' దిగి 'గ' అవుతుంది. రెండుసార్లూ కదలిక పక్క మెట్టుకే. మధ్యలో నల్లమెట్టు కూడా లేదు!

నడిమి కార్డులోని మ, ని లను కలిపి నొక్కి చూడండి. వాటి పౌనఃపున్యాల నిష్పత్తి దాదాపు 1.414. స-ప లకున్న 3:2 వంటి చిన్న అంకెల్లో ఇది ఇమడదు. చెవికి కుదురుగా తోచదు, ఎక్కడికో వెళ్లి ఆగాలనిపిస్తుంది. ఆ ఆగే చోటే షడ్జమపు కార్డు. కాబట్టి వాద్యకారుడు కార్డులను విడివిడిగా లెక్కపెట్టడు. ఏ గుంపు ఏ షడ్జమానికి చేరుతుందో ముందే చూసుకుంటాడు.

జాన్ కోల్ట్రేన్ 1959లో రికార్డు చేసిన 'జెయింట్ స్టెప్స్' ఇందుకు గట్టి పరీక్ష. నాలుగు బీట్ల ఆవర్తాలు 16, వాటిలో కార్డులు 26. ఆ వేగంలో ఒక్కో కార్డుకు సగటున అర సెకను! అయితే విశ్లేషిస్తే మిగిలేవి మూడు షడ్జమాలే. స్థాయిలోని 12 మెట్లను సమంగా మూడు భాగాలు చేసి, నాలుగేసి మెట్ల దూరంలో వాటిని ఉంచాడు కోల్ట్రేన్. మారిన షడ్జమం మీద స-రి-గ-ప వంటి చిన్న పలుకులు వేస్తూ సాగిపోయాడు.

ఆ రికార్డులో పియానో వాయించిన టామీ ఫ్లానగన్ గొప్ప కళాకారుడే. పాపం, తన వంతు వచ్చేసరికి తడబడ్డాడు. వరుసలు తెగిపోయి చివరికి కార్డులే మిగిలాయి. 1982లో అదే పేరుతో తానే ఒక ఆల్బం చేశాడు. అందులో ఇదే రచనను తడుముకోకుండా వాయించాడు. వీలైతే రెండూ వెంటవెంటనే వినండి.