బడబాగ్ని

నీరు నిప్పు నార్పునని ఎఱుగనివారు లేరు. అట్టి నీటి నడుమ, అందునను మహాసముద్ర గర్భమున, ఆరని అగ్ని యొకటి కలదని మన పూర్వులు భావించి దానిని బడబాగ్ని యనిరి. బడబానలమనినను అదియే. బడబ యనగా ఆడుగుఱ్ఱము. ఆ యగ్ని గుఱ్ఱపు మోముతో సముద్రజలమును త్రాగుచుండునని పురాణ ప్రసిద్ధి. ఇన్ని నదులు వచ్చి కలియుచున్నను కడలి గట్టు దాటకుండుటకు అదియే కారణమని వారు చెప్పుకొనిరి.

అమరకోశము దీనికి ఔర్వమను పేరును కూడ చెప్పుచున్నది. ఈ పేరు వెనుక నొక దుఃఖగాథ కలదు. భారతమున ఆదిపర్వమందు వసిష్ఠుడు, తండ్రి మరణమునకు క్రుద్ధుడైన తన మనుమడు పరాశరునికి దానిని వినిపించును. ధనాశచే క్షత్రియులు భృగువంశీయులను గర్భస్థ శిశువులతో సహా సంహరించుచుండగా, ఒక తల్లి తన గర్భమును తొడయందు దాచుకొనెను. ఊరువునుండి పుట్టెను గనుక ఆ బాలుడు ఔర్వుడయ్యెను. అతడు లోకములనే దహింపబూనగా పితృదేవతలు వచ్చి వలదనిరి. పుట్టిన కోపము నణచుకొన్నచో అది తన్నే దహించునని ఔర్వుడు మొఱపెట్టుకొనెను. అప్పుడు వారు దానిని సముద్రమున విడువుమనిరి. అతడట్లే చేసెను.

ఈ కథ తెలిసినచో పదమును వాడవలసిన చోటును తెలియును. పైకి గంభీరముగ నుండి లోలోపల దహించు శోకమునకు, పగకు ఇది తగిన మాట. అడవి యంటుకొన్నను, ఇల్లు తగులబడినను కొందఱు బడబాగ్ని యని వ్రాయుచున్నారు. కార్చిచ్చునకు దావాగ్ని యను చక్కని పేరుండగా సముద్రములోని దాని నేల గట్టెక్కింపవలెను? కడుపులోనిది జఠరాగ్ని. అయినను తీరని ఆకలిని బడబాగ్ని యనుటలో తప్పులేదు; ఎంత పోసినను చాలదను భావ మందు సిద్ధించును.

మఱి సముద్రగర్భమందలి అగ్నిపర్వతముల మాట? 1977లో గాలపాగోస్ దీవుల చెంత సుమారు 2,500 మీటర్ల లోతున శాస్త్రజ్ఞులు వేడినీటి బుగ్గలను కనుగొనిరి. 1979లో తూర్పు పసిఫిక్ అడుగున, 350 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిగల నీరు నల్లని పొగవలె వెడలు బిలములు కానవచ్చెను. పైనున్న నీటి బరువుచే అంతటి వేడియందును ఆ నీరు సలసల మరుగదు! 2022 జనవరి 15న టోంగా దీవులవద్ద సముద్రములోని అగ్నిపర్వతము ప్రేలినది. ఇదియే మనవారు చెప్పిన బడబాగ్ని యని మురియువారు కలరు. అది అతిశయము. బడబాగ్ని నీటిని త్రాగునది. ఇవి నీటిని కాచి వెలిగ్రక్కునవి. కడలినీటిని పైకి గొనిపోవునది సూర్యుని వేడిమియే. కవితలో పోలికగా ఆ మాట నుంచుకొనవచ్చును గాని, శాస్త్రవిషయము వ్రాయునపుడు సముద్రగర్భ అగ్నిపర్వతమనుటయే మేలు.