ఎండోస్కోపీ అంటే భయమా?
రోగి ఇంటివారు తెలుసుకోవలసిన సంగతులు

"ఎండోస్కోపీ చేయించాలి" అని డాక్టరుగారు చీటీ రాసి ఇవ్వగానే చాలామంది రోగుల ముఖం వాడిపోతుంది. "నోట్లోంచి గొట్టం వేస్తారట, ఊపిరాడదట" అని ఎవరో ఎప్పుడో చెప్పిన మాటలే ముందు గుర్తుకొస్తాయి. పరీక్ష గది బయట బల్ల మీద కూర్చున్నప్పుడు లోపలినుంచి ఓకరింపు చప్పుడు వినబడితే ఉన్న ధైర్యం కూడా పోతుంది. పేరు పిలిచేసరికి బాత్రూముకని చెప్పి ఇంటికి వెళ్ళిపోయినవారినీ మేము చూశాము.

ఆ సమయంలో ధైర్యం చెప్పవలసినది మీరే. కాని "ఏమీ ఉండదు, నీకు తెలియనే తెలియదు" అని మాత్రం చెప్పకండి. గొట్టం గొంతు దగ్గరకు రాగానే ఆ మాట నిజం కాదని తెలిసిపోతుంది. అప్పుడు రోగి ఇంకా బెదిరిపోతారు. ఉన్నదున్నట్లు ఈ నాలుగు మాటలు చెప్పండి: నొప్పి అంతగా ఉండదు. ఇబ్బంది ఉంటుంది. ఊపిరి ఆగదు. కొద్ది నిమిషాల్లో అయిపోతుంది.

ఈ పరీక్ష ఎందుకు?

ఎండోస్కోప్ అంటే చిటికెనవేలు లావున, ఎటు కావాలంటే అటు వంగే మెత్తని గొట్టం. దాని చివర చిన్న లైటు, కెమెరా ఉంటాయి. ఆహారనాళం, జీర్ణాశయం, చిన్నప్రేగు మొదటి భాగం లోపలి పొర ఎలా ఉన్నదో డాక్టరుగారు టీవీలో చూస్తారు. పుండు, వాపు, రక్తం కారే చోటు, గడ్డ ఉంటే తెలుస్తాయి.

1868లో జర్మనీ డాక్టరు కుస్‌మాల్ మొదటిసారి ఇలా కడుపులోకి చూసినప్పుడు వాడినది వంగని గొట్టం. అందుకని కత్తులు మింగే గారడీవాణ్ణి పిలిపించుకోవలసి వచ్చింది. 1957లో హిర్షోవిట్జ్ అనే డాక్టరు అమెరికాలో వంగే గొట్టాన్ని తయారుచేసి, రోగికి వేసేముందు తన గొంతులోనే వేసుకుని చూశాడు. ఇప్పుడు మనం వాడేది దానికంటే ఎంతో మెరుగైనది.

అవసరమైతే లోపలి పొరనుంచి బియ్యపుగింజకంటే చిన్న ముక్క తీస్తారు. తీసేటప్పుడు నొప్పి తెలియదు. ముక్క తీశారంటే క్యాన్సర్ అని అర్థం కాదు. చాలాసార్లు హెలికోబాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవి ఉన్నదా అని చూడడానికే తీస్తారు. అల్సర్లకు ఇది ముఖ్య కారణమని కనిపెట్టిన మార్షల్, వారెన్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా డాక్టర్లకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇది ఉన్నదని తేలితే యాంటీబయాటిక్ మందులు పూర్తి కోర్సు వాడి పోగొట్టుకోవచ్చు.

భయంతో వాయిదా వేస్తే ఏమవుతుందో ఒక సంగతి చెబుతాను. కూలిపని చేసుకునే ఒకాయన గొట్టానికి భయపడి ఏడాదిపాటు మందులషాపులో గ్యాస్ బిళ్ళలు కొనుక్కుని మింగాడు. విరేచనం తారులాగా నల్లగా అవుతున్నా ఇంట్లో చెప్పలేదు. చివరికి కళ్ళు తిరిగి పడిపోతే భార్య, బావమరిది ఆటోలో తీసుకొచ్చారు. అప్పటికి ఒంట్లో రక్తం సగానికి పడిపోయింది. రక్తం ఎక్కించి, ఏ గొట్టానికైతే భయపడ్డాడో ఆ గొట్టంద్వారానే పుండునుంచి కారే రక్తాన్ని ఆపారు. "ముందే వస్తే ఇంతదాకా వచ్చేది కాదు గదా సిస్టర్" అని ఆయనే అన్నాడు.

పరీక్షకు ముందు

కనీసం 6 నుంచి 8 గంటలు ఏమీ తినకూడదు. పాలు, కాఫీ, టీ కూడా ఆహారమే. మంచినీళ్ళు ఎప్పటివరకు త్రాగవచ్చో నర్సుని అడగండి.

ఇంటివారు ప్రేమతో పొరపాటు చేసేది ఇక్కడే. ఒకసారి ఒక పెద్దావిడ నీరసంగా ఉన్నదని కోడలు ఫ్లాస్కులో కాఫీ తెచ్చి, మాకు తెలియకుండా అరగ్లాసు పట్టించింది. గొంతు మొద్దుబారినప్పుడు కడుపులో ఉన్నది పైకి వస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదకు వస్తుంది. అదృష్టవశాత్తు ఆవిడే "కాఫీ తాగానమ్మా" అని చెప్పింది. పరీక్ష మర్నాటికి మార్చాము. పొరపాటున ఏదైనా పెట్టి ఉంటే దాచకండి. మేము కోప్పడము.

ఈ సంగతులు ముందుగా చెప్పండి:
1. షుగరు మందులు, ఇన్సులిన్ వాడుతుంటే. పరగడుపున ఉండి అవి వేసుకుంటే షుగరు పడిపోవచ్చు.
2. రక్తం పలుచబడే మందులు వాడుతుంటే. మీ అంతట మీరు ఆపవద్దు. డాక్టరుగారు చెప్పినట్లు చేయండి.
3. గుండెజబ్బు, ఆస్తమా, మందులు పడకపోవడం, గర్భం ఉంటే.
4. కట్టుడుపళ్ళు, కదిలే పళ్ళు ఉంటే. కట్టుడుపళ్ళు తీసి మీ దగ్గర ఉంచుకోండి.

గదిలో ఏం జరుగుతుంది?

ముందు గొంతులో మందు చిమ్ముతాము. చేదుగా ఉంటుంది. గొంతు మొద్దుబారి, మింగలేనట్లు అనిపిస్తుంది. అది మందు ప్రభావమే, కంగారుపడనక్కరలేదు. తర్వాత ఎడమవైపుకు తిరిగి పడుకోమంటాము. గొట్టాన్ని కొరక్కుండా పళ్ళమధ్య చిన్న ప్లాస్టిక్ రింగు పెడతాము.

గొట్టం గొంతు దాటే కొన్ని క్షణాలే కష్టం. ఓకరింపు వస్తుంది, కళ్ళనీళ్ళు కారతాయి. అందరికీ అంతే, సిగ్గుపడవలసిన పని లేదు. గొట్టం వెళ్ళేది ఆహారనాళంలోకి. గాలి వెళ్ళే దారి వేరు, అది తెరిచే ఉంటుంది. కాబట్టి ముక్కుతో నిదానంగా గాలి పీల్చి వదలాలి. ఉమ్మి మింగకుండా బయటికి కారనివ్వాలి, మేము తుడుస్తాము. లోపలికి గాలి పంపుతారు గనుక కడుపు ఉబ్బినట్లుంటుంది, త్రేన్పులు వస్తాయి. మామూలుగా 5 నుంచి 10 నిమిషాల్లో అయిపోతుంది. ఒక నర్సు రోగి తలదగ్గరే ఉంటుంది.

ముక్కుతో ఊపిరి పీల్చడం ముందురోజు రాత్రి ఇంట్లోనే నాలుగైదుసార్లు చేయించండి. భయపడేవారికి ఇది బాగా పనిచేస్తుంది.

మరీ భయపడేవారికి నరానికి మత్తు ఇంజెక్షన్ ఇవ్వవచ్చు. అడగడానికి మొహమాటపడకండి. మత్తు తీసుకున్నవారికి జరిగినది చాలావరకు గుర్తుండదు. అయితే తోడు ఒకరు తప్పనిసరిగా ఉండాలి.

"వేరేవాళ్ళకు వేసిన గొట్టమేగా?" అని కొందరు లోలోపల బాధపడతారు. ప్రతి రోగి తర్వాత గొట్టాన్ని లోపలా బయటా కడిగి, క్రిములు చచ్చే మందులో నానబెట్టిన తర్వాతే మళ్ళీ వాడాలి. అనుమానం ఉంటే అడగండి, తప్పులేదు.

పరీక్ష అయ్యాక

గొంతు మొద్దు పోయేవరకు, సుమారు గంటసేపు, ఏమీ పెట్టవద్దు. తర్వాత ఒక గుక్క నీళ్ళు ఇచ్చి చూడండి. పొలమారకపోతే మెత్తని ఆహారం, మరీ వేడి లేకుండా పెట్టండి. ఒకటి రెండు రోజులు గొంతు కొద్దిగా మంటగా ఉండవచ్చు. ఉప్పువేసిన గోరువెచ్చని నీటితో పుక్కిలిస్తే తగ్గుతుంది.

మత్తు ఇచ్చి ఉంటే 24 గంటలు బండి నడపకూడదు, ఒంటరిగా వదలకూడదు. ముఖ్యమైన కాగితాలమీద సంతకాలుగాని, వేలిముద్రలుగాని వేయించవద్దు. డాక్టరుగారు చెప్పినది రోగికి గుర్తుండకపోవచ్చు గనుక మీరు దగ్గరుండి వినండి.

ఇవి కనిపిస్తే రాత్రయినా సరే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి: కడుపులో లేదా ఛాతీలో విపరీతమైన నొప్పి, రక్తపు వాంతి, నల్లని విరేచనం, జ్వరం, ఆయాసం, మెడ వాపు, మింగలేకపోవడం. ఇలా జరగడం చాలా అరుదు. అయినా తెలిసి ఉండాలి.

చివరిగా ఒక మాట. పరీక్ష గది తలుపు దాకా రోగి చెయ్యి పట్టుకుని రండి. లోపల ఆ చెయ్యి మేము పట్టుకుంటాము. ప్రార్థన చేసుకోవాలనుకుంటే, మీరు ఏ మతంవారైనా సరే, మాతో చెప్పండి. ఆ ఒక్క నిమిషం ఆగడానికి మేము సిద్ధమే.