లియోన్‌లో మా శని, ఆదివారాలు: ధర, తూకం, గుడ్డు

"ఫ్రాన్సులో చదువుతున్నారు కదా, సెలవు రోజుల్లో ఏం చేస్తారు? అది పట్టు ఊరంట, మన గూళ్ళు కొనేవాళ్ళు ఎవరన్నా దొరుకుతారా?" అని పోయిన నెల ముగ్గురు వాయిస్ మెసేజీలు పెట్టినారు. రెండు ప్రశ్నలకూ కలిపి ఇక్కడే జవాబు రాస్తున్నాం.

మేము ఇద్దరం. ఒకరిది చింతామణి పక్క, ఒకరిది డెంకణికోట పక్క. బడిలో ఒకరు కన్నడం, ఇంకొకరు అరవం చదివినా, ఇంట్లో ఇద్దరిదీ తెలుగే. రెండిళ్ళలోనూ పురుగుల షెడ్డు ఉంది. గూళ్ళు అమ్మిన డబ్బు, దానిమీద బ్యాంకు అప్పు, ఆ రెంటితో ఇక్కడికి వచ్చి మాస్టర్స్ చదువుతున్నాం. కాబట్టి మా శని, ఆదివారాల్లో సరదా కొంత, లెక్క ఎక్కువ.

లియోన్ రెండు నదుల ఊరు. రోన్, సోన్ ఇక్కడే కలుస్తాయి. ఊరికి రెండు కొండలు. చర్చి ఉన్న ఫూర్వియేర్‌ను "ప్రార్థన చేసే కొండ" అంటారు. నేతగాళ్ళు బతికిన క్రువా రూస్‌ను "పని చేసే కొండ" అంటారు. మేము ఉండేది పని చేసే కొండ కింద, ఒకే గదిలో.

శనివారం పొద్దున మొదట బట్టలు. గదిలో మెషిన్ లేదు. వీధి చివర నాణేలు వేసి ఉతుక్కునే అంగడి ఉంది. ఒకరు అక్కడ కూర్చుంటే, ఇంకొకరు కొండ మీద బజారుకు పోతారు. క్రువా రూస్ పెద్ద వీధిలో పొద్దున పూట బారుగా అంగళ్ళు పెడతారు. కూరగాయలు, చీజు, చేపలు, పండ్లు. మధ్యాహ్నం అంగళ్ళు ఎత్తేసే వేళకు బేరం కుదురుతుంది. శని, ఆదివారాల్లో విద్యార్థి క్యాంటీన్లు చాలావరకు మూసి ఉంటాయి గనుక రెండు రోజుల వంట మాదే.

ఆ బజారుకు దగ్గర్లోనే జకార్డు విగ్రహం ఉంది. కంచి, ధర్మవరం మగ్గాల మీద అట్టలు వేలాడుతుంటాయే, వాటిని ఇప్పటికీ జకార్డు అనే పిలుస్తారు. ఆ పేరు ఈయనదే. 1752లో లియోన్‌లో పుట్టినాడు. 1804 ప్రాంతంలో, చిల్లులు పొడిచిన అట్టలతో ఏ పోగు లేవాలో ఏది దిగాలో చెప్పే యంత్రాన్ని తెచ్చినాడు. అది మగ్గం నెత్తిన కూర్చుంటుంది కాబట్టి ఇళ్ళు ఎత్తుగా కట్టాల్సి వచ్చింది. ఈ కొండ మీద పాత ఇళ్ళలో పైకప్పు నాలుగు మీటర్ల ఎత్తున ఉంటుంది. మా స్నేహితులు కొందరు అట్లాంటి గదుల్లోనే అటక వేసుకుని పడుకుంటారు. పైన పడక, కింద చదువు.

పట్టు నేతగాళ్ళను ఇక్కడ కాన్యూలు అంటారు. వాళ్ళ పేరు మీద ఒక చిన్న మ్యూజియం ఉంది, అక్కడ మగ్గం ఆడించి చూపిస్తారు. ఒక శనివారం పోయినాం. మగ్గం శబ్దం వినగానే ఇద్దరికీ ఊరు గుర్తొచ్చింది. చెప్పిన కథ అయితే మన మార్కెట్టు కథే.

కాన్యూకు మగ్గం సొంతం, ఇల్లే కార్ఖానా. కానీ పట్టు దారం ఇచ్చేది వ్యాపారి, బట్ట తీసుకునేదీ ఆ వ్యాపారే. కూలి ఇంత అని చెప్పేదీ ఆయనే. గిరాకీ తగ్గిందంటూ కూలి తగ్గిస్తూ పోయినారు. 1831 అక్టోబరులో ప్రభుత్వ అధికారి ముందు రెండు పక్షాలూ కూర్చుని, ఇంతకు తగ్గకూడదని ఒక రేటు పట్టిక ఒప్పుకున్నారు. వ్యాపారుల్లో కొందరు ఆ పట్టికను మేము మన్నించమన్నారు. నవంబరులో కాన్యూలు నల్ల జెండా పట్టుకుని కొండ దిగినారు. పని చేసుకుంటూ బతకాలి, లేకుంటే పోరాడుతూ చావాలి అన్నది వాళ్ళ మాట. వందమందికి పైగా చచ్చిపోయినారు. పది రోజులదాకా ఊరు వాళ్ళ చేతిలో ఉండింది. తర్వాత సైన్యం వచ్చింది. రేటు పట్టికను రద్దు చేసినారు, ఒప్పందం కుదిర్చిన అధికారిని తీసేసినారు. 1834లో మళ్ళీ లేచినారు, మళ్ళీ అణిచేసినారు.

ఆ మ్యూజియం నుంచి కొండ దిగడానికి బస్సు ఎక్కం. త్రాబూల్‌లు ఉన్నాయి కదా. ఒక వీధిలో తలుపు తోసి లోపలికి పోతే, ఇళ్ళ కడుపులోంచి నడవలు, మెట్లు దాటి ఇంకో వీధిలో తేలతాం. వాన పడినా పట్టు మూటలు తడవకుండా మోయడానికి ఈ దారులు పనికొచ్చేవి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల కళ్ళు కప్పి తిరిగినవాళ్ళకూ ఇవే దిక్కయినాయి. జనం కాపురం ఉండే ఇళ్ళు గనుక మాట్లాడకుండా నడవాలి.

కింద మేము చదువుకునే లైబ్రరీ ఉంది. చాలా శనివారాల మధ్యాహ్నాలు మాకు అక్కడే గడుస్తాయి. గది చలికి అది మేలు, ఖర్చూ లేదు. ఆ కట్టడం ఒకప్పుడు పట్టు తూకం వేసే సర్కారీ ఇల్లు. ద్వారం మీద మల్బరీ ఆకులు చెక్కినారు. పట్టుకు ఒక గుణం ఉంది, మన రీలర్లకు బాగా తెలుసు. తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకున్నా చేతికి తడి తగలదు. అంటే నీళ్ళను కూడా పట్టు ధరకు అమ్మొచ్చు. ఈ మోసం ఆపడానికి 1805లో నెపోలియన్ కాలంలో ఇక్కడ ఒక సర్కారీ ఏర్పాటు చేసినారు. కొనేవాడి ఇంట్లో కాకుండా, అమ్మేవాడి ఇంట్లో కాకుండా, మూడోచోట పట్టును ఆరబెట్టి తూచేవాళ్ళు. తర్వాత పద్ధతి ఇంకా కుదురుకుంది. నమూనాను పూర్తిగా ఎండబెట్టి, ఆ ఎండు బరువుకు నూటికి 11 పాళ్ళు తేమ కలిపి లెక్క కట్టడం ఇప్పుడు ప్రపంచమంతా ఒప్పుకున్న లెక్క. నాయన మార్కెట్టు నుంచి వచ్చి "తూకం సరిగా పడింది" అంటే ఇంట్లో ఎంత నెమ్మదో మాకు తెలుసు. అందుకే ఆ గోడల మధ్య కూర్చున్నప్పుడల్లా అది గుర్తొస్తుంది.

శనివారం సాయంత్రం పని. విద్యార్థి వీసా మీద ఏడాదికి 964 గంటలకు మించి పని చేయకూడదు. వారానికి పద్దెనిమిది గంటల చిల్లర పడుతుంది. ఇద్దరం ఒకే హోటల్ వంటింట్లో గిన్నెలు కడుగుతాం, కూరగాయలు తరుగుతాం. రాత్రి పదకొండున్నరకు బయటపడతాం. చలికాలంలో మన దేశం ఇక్కడికంటే నాలుగున్నర గంటలు ముందు కాబట్టి అప్పటికి ఊర్లో తెల్లవారి నాలుగు. నాలుగో జ్వరం లేచిన పురుగులుంటే అమ్మ అప్పటికే లేచి ఉంటుంది. ఫోన్ చేస్తే మాటల వెనకాల ఆకు నమిలే శబ్దం, వాన కురిసినట్టు. మేము పడుకోబోతూ వింటాం, ఆమె పని మొదలుపెడుతూ మాట్లాడుతుంది.

ఆదివారం ఊరు మూసేసినట్టే ఉంటుంది. రొట్టెల అంగళ్ళు పొద్దున తెరుస్తారు, పెద్ద అంగళ్ళు చాలావరకు మధ్యాహ్నానికే మూస్తారు. మేము ఊరినుంచి తెచ్చిన రాగిపిండితో ముద్ద కెలికి, పప్పు చారు కాస్తాం. తర్వాత తెత్ దోర్ పార్కుకు నడుస్తాం. 1857లో తెరిచిన పెద్ద తోట, లోపల జంతువులు కూడా ఉన్నాయి, టికెట్ లేదు.

ఒక ఆదివారం అక్కడ బెంచీ మీద కూర్చుని పాశ్చర్ గురించి చదివినాం. ఆ భాగం మీ అందరికీ కావాలి.

లియోన్ మగ్గాలకు దక్షిణ ఫ్రాన్సు పల్లెలే గూళ్ళు పండించేవి. 1853లో దేశం మొత్తం మీద 26,000 టన్నుల గూళ్ళు. తర్వాత పెబ్రిన్ వచ్చింది. ఒంటిమీద మిరియాల పొడి చల్లినట్టు మచ్చలు కాబట్టి ఆ పేరు. 1865కు పంట 4,000 టన్నులకు పడిపోయింది. ఆ ఏడాదే లూయీ పాశ్చర్‌ను అలెస్ అనే ఊరికి పంపినారు. ఆయనకు పట్టుపురుగు సంగతే తెలియదు. ఫాబ్ర్ అనే పురుగుల పండితుడి దగ్గర గూడు చేతికి తీసుకుని, చెవి దగ్గర ఊపి, లోపల ఏమన్నా ఉందా అని అడిగినాడంట. మన షెడ్డులో చిన్నపిల్లలు కూడా అడగరు! అట్లాంటాయన ఐదేళ్ళు అక్కడే తిరిగినాడు. భార్య మరీ కూడా పురుగులు పెంచింది. 1868లో పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయినా పని వదల్లేదు.

ఆయన తేల్చింది ఇది: పెబ్రిన్ తల్లి నుంచి గుడ్డుకు దిగుతుంది. కాబట్టి ఒక్కో తల్లి సీతాకోకను విడిగా గుడ్లు పెట్టనిచ్చి, తర్వాత దాన్ని నూరి మైక్రోస్కోపులో చూడాలి. రోగం గింజలు కనిపిస్తే ఆ గుడ్లు పారేయాలి. మీరు కొనే రోగం లేని గుడ్లు, అదే డి.ఎఫ్.ఎల్.లు, ఈనాటికీ ఆ పరీక్షే దాటి వస్తాయి.

గుడ్డు బాగుపడింది గానీ పల్లెలు తేరుకోలేదు. 1869లో సూయెజ్ కాలువ తెరిచినారు. చైనా, జపాన్ పట్టు అగ్గువకు ఓడల్లో దిగింది. లియోన్ వ్యాపారి మగ్గం ఆపలేదు, దారం కొనే చోటు మార్చుకున్నాడు. ఊరికి పట్టు పేరు నిలిచింది, దాన్ని పండించిన రైతు మాత్రం మిగల్లేదు.

ఇక రెండో ప్రశ్నకు జవాబు. లియోన్‌లో మన గూళ్ళు కొనేవాళ్ళు లేరు. ఇక్కడ మిగిలింది ఖరీదైన బట్టల పని, అద్దకం, పాత రాజభవనాల పరదాలు మళ్ళీ నేయడం. పట్టు తీయడంలో మన దేశం చైనా తర్వాత రెండోది, అయినా పండినదంతా మన చీరలకే చాలడం లేదు. మన గిరాకీ మన దగ్గరే ఉంది. ఫ్రాన్సు వైపు చూసి ఎవరూ మోసపోవద్దు. "ఎగుమతి చేయిస్తాం" అని ముందుగా డబ్బు అడిగేవాళ్ళను అసలు నమ్మొద్దు.

చేయగలిగినవి మన చేతిలోనే ఉన్నాయి. అగ్గువ అని ఊరూ పేరూ లేని గుడ్లు, చాకీ తీసుకోవద్దు. పరీక్షించిన చోటే కొని రసీదు దాచుకోండి. పురుగులు ఎగుడుదిగుడుగా పెరిగినా, జ్వరం నుంచి కలిసి లేవకపోయినా, మచ్చలు కనిపించినా పక్కవాళ్ళకు తెలుస్తుందని దాచొద్దు, ఆ రోజే పట్టుశాఖ వాళ్ళకు చూపించండి. పెబ్రిన్‌కు మందు లేదు. పంట దిగగానే షెడ్డు, తట్టలు, చంద్రికలు శుద్ధి చేయండి. తూకం దగ్గర నిలబడి చూడండి, ధర గురించి ఒక్కొక్కరుగా కాకుండా కలిసి మాట్లాడండి. కాన్యూలకు ఒక్కొక్కరుగా దక్కని ఆ రేటు పట్టిక, రద్దయినా సరే, కలిసి అడిగినప్పుడే కాగితం మీదికి వచ్చింది.

వచ్చే నెల మాకు పరీక్షలు. ఏదైనా అడగాలంటే వాయిస్ పెట్టండి, ఆదివారం మధ్యాహ్నం ముద్ద తిన్నాక విని జవాబు చెబుతాం.