వంశవృక్షము

ఓరుగల్లు కోటను చూచివచ్చిన విద్యార్థిని కాకతీయ ప్రభువులలో చివరి యైదుగురి పేర్లు చెప్పుమన్నచో, రుద్రదేవుడు, మహాదేవుడు, గణపతిదేవుడు, రుద్రమదేవి, ప్రతాపరుద్రుడు అని తడుముకొనక చెప్పును. ఆ వరుస సరియైనదే. కాని యీ పేర్లను ఒకదాని క్రింద నొకటి వ్రాసి, పైవారి బిడ్డలే క్రిందివారని గీతలు గీచినచో, నాలుగు గీతలలో రెండు తప్పులగును. మహాదేవుడు రుద్రదేవుని కుమారుడు కాడు, తమ్ముడు. ప్రతాపరుద్రుడు రుద్రమదేవి కుమార్తెయైన ముమ్మడమ్మ కుమారుడు. సింహాసనము దక్కిన వరుస వేఱు; పుట్టుకల వరుస వేఱు. పుట్టుకలను, పెండ్లిండ్లను తెలుపు పటమునకే వంశవృక్షమని పేరు.

కాకతీయుల వంశవృక్షమును చరిత్రకారులు శాసనముల నుండి కూర్చిరి. వానిలో ముఖ్యమైనది బయ్యారము చెఱువు శాసనము. గణపతిదేవుని సోదరి మైలాంబ ఆ చెఱువును త్రవ్వించి, తన పుట్టింటి పూర్వుల పేర్లను వెన్నడను వాని మొదలుకొని శిలపై చెక్కించెను. ఆ వంశమున గుండరాజులు నలుగురు, బేతరాజు లిరువురు, ప్రోలరాజు లిరువురు కనబడుదురు. పూర్వుల పేర్లను పిల్లలకు పెట్టుట మనవారి యాచారము గదా! ఇది చాలదన్నట్లు, గణపతిదేవుని యల్లుడును, గణపాంబ భర్తయునైన కోట వంశపు ప్రభువు పేరు కూడ బేతరాజే. కావున పేరు మాత్రము వ్రాసినచో మనిషి తెలియడు. ఎవరి కుమారుడు, ఎవరి భర్త, ఎవరి తండ్రి యను సంబంధము తెలిసిననే మనిషి తెలియును.

సంబంధము తప్పినచో కలుగు నష్టము చిన్నది కాదు. 13వ శతాబ్దము చివర మన తీరమును వర్ణించిన వెనిస్ యాత్రికుడు మార్కో పోలో, మోటుపల్లి రేవు గల రాజ్యమును ఒక రాణి యేలుచున్నదనియు, ఆమె గతించిన రాజునకు భార్య యనియు వ్రాసెను. ఆ రాణి రుద్రమదేవియే యని పండితులు గుర్తించిరి. ఆమె గణపతిదేవుని భార్య కాదు, కుమార్తె. ఆమె భర్త నిడదవోలు చాళుక్యుడైన వీరభద్రుడు. ఒక్క గీత తప్పుటచేత, తండ్రి తన వారసురాలిగా నిలిపిన కూతురు, భర్త సింహాసనమును కాపాడిన వితంతువుగా మాఱినది. ఆ తప్పును దిద్దినవి శిలాశాసనములే.

రాజులకు శాసనములు కలవు. సామాన్య కుటుంబములకు పెద్దల జ్ఞాపకమే శాసనము. పూర్వము తెలంగాణమున వంశరాజులనువారు ఇంటింటికి వచ్చి, కొన్ని కులములవారి గోత్రములను, వంశక్రమమును పాడి వినిపించెడివారు. నేడు ఆ పాట అరుదైనది. ఒక పెద్ద కుటుంబమున నాలుగు తరముల వారిని లెక్కించినచో మూడు వందలమంది తేలుట వింత కాదు. అంతమందిని ఒక కాగితముపై నిలుపుట కష్టము. ఇందులకై కంప్యూటరు సాఫ్ట్‌వేరులు వెలసినవి. 2001లో మొదలైన గ్రాంప్స్ అట్టిది. అది ఉచితముగా లభించును.

ఇట్టి సాఫ్ట్‌వేరులో ప్రతి వ్యక్తికి ఒక పుట, ఒక సంఖ్య ఉండును. భార్యాభర్తలను, వారి బిడ్డలను కలుపు కుటుంబమునకు మఱియొక సంఖ్య ఉండును. ఇంటిలో నలుగురు రాజయ్యలున్నను నాలుగు సంఖ్యలుండుటచే ఒకరి సంగతి మఱియొకరికి అంటదు. స్త్రీని పుట్టింటివారి యింటిపేరుతోనే వ్రాయవలెను. మెట్టినింటి పేరు ఆమె వివాహము వలననే తెలియును. పుట్టింటి పేరు విడిచినచో ఆమె తల్లిదండ్రుల కడకు పోవు త్రోవ మూసికొనిపోవును.

మేనరికములున్నచోట మఱింత జాగ్రత్త వలయును. మేనమామ కుమార్తెను పెండ్లాడినవాని యమ్మమ్మయే అతని భార్యకు నాయనమ్మ. ఆమెను రెండుమార్లు వ్రాసినచో ఒక్క అవ్వ యిద్దరగును. ఆ దంపతుల బిడ్డలకు ముత్తాతలు, ముత్తవ్వలు కలిసి ఎనమండుగురు గాక ఆరుగురే యుందురు. మనిషికి ఒక్కటే పుట; సంబంధములు ఎన్నియైనను కావచ్చును. ఇదియే యీ పనిలో మొదటి నియమము.

కాలనిర్ణయము రెండవ పని. వరంగల్లు ప్రాంతపు వృద్ధులు తేదీ చెప్పక, “పోలీసు చర్యకు రెండేండ్లు ముందు పుట్టినాడు” అని చెప్పవచ్చును. పోలీసు చర్య 1948 సెప్టెంబరున జరిగెను గనుక ఆ జననము సుమారు 1946 అని వ్రాసికొనవలెను. నిజాము కాలపు పత్రములలో ఫసలీ సంవత్సరముండును. దానికి 590 కలిపినచో ఇంచుమించుగా క్రీస్తుశకము వచ్చును. “సుమారు” అను మాటను విడువరాదు. ఎవరు చెప్పిరో, ఏ పత్రమున నున్నదో కూడ వ్రాయవలెను. ఇద్దరు పెద్దలు రెండు విధములుగా చెప్పినచో, రెండింటిని వ్రాసి యుంచుటయే న్యాయము.

వ్రాసినదానిని ఒక్క యంత్రమునందే యుంచరాదు. 1984లో ఏర్పడిన జెడ్‌కామ్ అను పద్ధతిలో దాచినచో, ఒక సాఫ్ట్‌వేరులోని వివరములను మఱియొకదానిలోనికి మార్చుకొనవచ్చును. జీవించియున్నవారి వివరములను వారి యనుమతి లేక పరులకు చూపరాదు.

యంత్రము వరుస తప్పక దాచును. కాని తెలియనిదానిని చెప్పజాలదు. నాయనమ్మకు మాత్రమే తెలిసిన పేరు, ఆమె యుండగా అడిగినవారికే దొరకును. మైలాంబ తన పూర్వుల పేర్లను శిలకెక్కించినందుననే అవి నేడు మనకు తెలిసినవి. ఆ పని చేయుటకు రాజకుమారి కానక్కరలేదు. ఒక నోటుపుస్తకము, అవ్వ ప్రక్కన కూర్చుండు తీరిక చాలును.